గుండ్రంగా తోమిన డిస్క్

పొద్దున్నంతా ముసురు. సాయంత్రం బడి వదిలే వేళకు మబ్బు పలచబడి, ఆకాశం ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లబడింది. పిట్ట ముఖంలో మాత్రం ముసురు వదల్లేదు.

పిట్ట అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది. ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ పిట్టే. పదేళ్లు. గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. చంకలో తువ్వాలు చుట్టిన డిస్క్ ప్లేయరు.

"డిస్క్ తెచ్చావా? సంచీలో పెట్టుకోమన్నాను కదా."

"మర్చిపోయాను నాన్నా."

అబద్ధం. డిస్క్ సంచీలోనే ఉంది, లెక్కల పుస్తకానికీ సైన్సు పుస్తకానికీ మధ్య.

అది మామూలు డిస్క్ కాదు. తాత బస్సు డ్రైవరు. ఉద్యోగం చాలించిన రోజు డిపోలో తీసిన వీడియో అందులో ఉంది. తాత పోయి రెండేళ్లయింది. ఆయన గొంతు ఇప్పుడు ఆ ఒక్క డిస్క్‌లోనే మిగిలింది. ప్రతి ఆదివారం నాయనమ్మ దాన్ని పెట్టుకుని చూస్తుంది.

మొన్న ఆదివారం తాత మైకు ముందుకొచ్చాడు, నోరు తెరిచాడు, అలాగే బిగుసుకుపోయాడు. బొమ్మ ముక్కలు ముక్కలైంది.

"మెషీనుకు వయసైపోయింది, నాలాగే" అంది నాయనమ్మ.

"అవునవును, మెషీనే" అంది పిట్ట గబగబా.

ముందురోజు జరిగింది పిట్టకొక్కదానికే తెలుసు. డిస్క్ మీద నూనె వేళ్ల మరకలు పడ్డాయి. శుభ్రం చేద్దామని సింకు దగ్గరకు తీసుకెళ్లింది. పీచుకు సబ్బు రాసి, పళ్లెం తోమినట్టు గుండ్రంగా, గట్టిగా తోమింది. ఆ ఇంట్లో పళ్లేలు తోమడం పిట్ట వంతు. చెయ్యి ఆ తిప్పుడుకే అలవాటు పడిపోయింది.

రిపేరు షాపులో రేడియో అత్త ఒక్కతే ఉంది. ఎప్పుడో రేడియోలు బాగుచేసేది. రేడియోలు పోయినా పేరు ఉండిపోయింది.

"రా పిట్టా! ఏంటి, ఇవాళ కూత లేదు?"

పిట్ట నేల చూసింది.

అత్త నాలుగు మరలు విప్పి ప్లేయరు మూత తీసింది. "ఇదిగో, ఈ గాజుపూస చూశావా? ఇదే దీని కన్ను. ఇందులోంచి సన్నటి ఎర్ర వెలుగు వచ్చి డిస్క్ అడుగున పడుతుంది. కరెంటు ఉన్నప్పుడు మాత్రం ఇందులోకి తొంగి చూడకూడదు. మన కన్ను పోతుంది."

కరెంటు తీసేసి, దూదితో ఆ పూసను తుడిచింది. మూత బిగించి తన దగ్గరున్న డిస్క్ వేసింది. చక్కగా ఆడింది.

"మరి మాది ఎందుకు ఆడదు?" అన్నాడు నాన్న.

"కన్ను నీరసపడితే అంతే అన్నయ్యా. ఫ్యాక్టరీలో అచ్చేసినవి చదువుతుంది, మీ వీడియోలా మెషీనులో రాసుకున్నవి చదవలేదు. కన్ను మార్చి చూడాలి. కానీ పాత మోడల్ ఇది. ఊడదీసేటప్పుడు ఈ సన్న తీగల పట్టీ తెగిందంటే మెషీను మొత్తం పోయినట్టే."

నాన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "తప్పదంటే తియ్యమ్మా. మా అమ్మ మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు."

అత్త మళ్లీ మూత తీసింది. కళ్లజోడు సర్దుకుంది. ఒక మర వచ్చేసింది. రెండోది కూడా వచ్చేసింది. మూడో మర మీద స్క్రూడ్రైవరు ఆనింది.

"అత్తా, ఆగు!"

స్క్రూడ్రైవరు ఆగింది.

"దాని కన్ను బాగానే ఉంది. నేనే... డిస్క్‌ని పీచుతో తోమాను. మర్చిపోలేదు నాన్నా. సంచీలోనే ఉంది."

నాన్న పిట్టను చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని పిట్టకు అనిపించింది.

అత్త డిస్క్ అందుకుని లైటు కింద వాల్చి చూసింది. అడుగంతా గుండ్రటి గీతలు.

"బాగా తోమావమ్మా. ఇందులో అన్నం పెట్టుకుని తినొచ్చు" అంది. "ఈ మాట గంట ముందు చెప్పుంటే నా నడుం బతికేది కదే!"

"తాత పోయాడా అత్తా?"

"ఉండు, చూద్దాం." అత్త వేలితో గాలిలో సున్నాలు చుట్టింది. "ఇందులో ఒకటే దారి ఉంటుంది. నడిమి నుంచి అంచు దాకా చుట్టలు చుట్టలుగా పోతుంది. దారి పొడుగునా కంటికి కనబడనంత చిన్న గుర్తులు. అచ్చు డిస్కులో అయితే గుంటలు, మీ దాంట్లో మచ్చలు. డిస్క్ గిర్రున తిరుగుతుంటే వెలుగు కొన్ని చోట్ల బాగా తిరిగొస్తుంది, కొన్ని చోట్ల తగ్గుతుంది. ఆ తేడాలు లెక్కపెట్టుకుని మెషీను బొమ్మ కడుతుంది, మాట కడుతుంది."

"మరి గీత పడితే?"

"దారికి అడ్డంగా పడితే ఫరవాలేదు. కన్ను ఒక్క గెంతులో దాటేస్తుంది. ఆ కాస్త లోటు పక్కనున్న గుర్తులను బట్టి పూడ్చుకుంటుంది. నువ్వేమో దారి వెంబడే గీశావు. పాపం, ఎంతదూరం పోయినా గీతలోనే ఉంటుంది."

పిట్ట కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు. తాత ఉన్నది లోపల. నువ్వు గీసింది పైనున్న ప్లాస్టిక్ మీద. కిటికీ అద్దం గీసుకుపోతే ఇంట్లో మనిషికేమవుతుంది?"

అత్త పాలిష్ పేస్టు చుక్క వేసి మెత్తటి గుడ్డ చేతికిచ్చింది. "నడిమి నుంచి అంచుకి. తిన్నగా. తిప్పావో, వీపు పగులుద్ది."

పిట్ట రుద్దింది. చెయ్యి రెండుసార్లు తిరగబోయింది. రెండుసార్లూ నాన్న మెల్లగా మణికట్టు పట్టుకుని సరిచేశాడు. అరగంటకు వేళ్లు నొప్పెట్టాయి. నాన్న గుడ్డ అందుకుని మిగతాది తుడిచాడు. ఈలోగా అత్త విప్పిన మరలన్నీ బిగించేసింది.

డిస్క్ లోపలికి పోయింది. షాపు టీవీలో డిపో కనబడింది. తాత మైకు ముందుకొచ్చాడు. నోరు తెరిచాడు. బొమ్మ ఒక్కసారి తడబడింది.

"బండి అప్పగించాను" అన్నాడు తాత. "బ్రేకు కొంచెం బిగుతుగా ఉంది, చూసుకోండి."

అంతే ఆయన ఉపన్యాసం. డిపోలో జనం ఘొల్లున నవ్వారు. నాన్న కూడా నవ్వి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పిట్టకు మూడు రోజుల తర్వాత ఊపిరి హాయిగా ఆడింది.

"ఇంకో రెండు కాపీలు తీసిస్తా" అంది అత్త. "ఒకటి బీరువాలో పడెయ్యండి."

ఇంటికెళ్లగానే పిట్ట చెప్పులు కూడా విప్పకుండా నాయనమ్మ ముందు నిలబడింది. పీచు సంగతి, సంచీ సంగతి అన్నీ చెప్పేసింది.

నాయనమ్మ అంతా విని, "చేతులు కడుక్కుని రా. పొయ్యి మీద కూర కలుపుదువుగాని" అంది.

రాత్రి ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. నాన్న మొదటి ముద్ద కలుపుతున్నాడు.

"ఆగండి" అంది పిట్ట. "కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. నేనే."

నాన్న నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ కొంచెం కూర తీసి, చాలా అన్నంలో కలుపుకుంది. నాన్నా అంతే. పిట్టా అంతే.

ముగ్గురూ కడుపు నిండా తిన్నారు. మంచినీళ్ల జగ్గు మాత్రం మూడుసార్లు ఖాళీ అయింది.