ఆఖరి స్టేషన్‌కు వంకాయ రంగు చీర

ధర్మవరంలో జకార్డు అట్టలు కొట్టే ఆదెప్పను సోమవారం పొద్దున అతని దుకాణంలోనే చంపేశారు. మెడ మీద సూది గుచ్చిన చుక్క తప్ప ఒంటి మీద గాయం లేదు. ఊళ్ళో అందరూ గుండెపోటన్నారు. హిందూపురం చింతపండు మార్కెట్లో ఒక గోడౌన్ వెనక గదిలో కూర్చున్న కుళ్ళాయప్ప మాత్రం ఆ మాట అనలేదు.

బయటికి కుళ్ళాయప్ప చింతపండు వ్యాపారి. లోపల, దేశ రహస్యాలు కాపాడే విభాగానికి ఆ ప్రాంతపు చీఫ్. కబురందిన గంటలో ఏజెంట్ లక్ష్మీకాంత్ అతని ముందున్నాడు. లక్ష్మీకాంత్‌ది ధర్మవరం నేత కుటుంబం. వీధిలో వాళ్ళకు అతను చీరల మూటలు బెంగళూరుకు తీసుకుపోయే ఏజెంటు. ఏజెంటన్న మాట వరకూ నిజమే.

బ్రీఫింగ్ క్లుప్తంగా జరిగింది. మగ్గం పైన జకార్డు అనే యంత్రంలో అట్టలుంటాయి. అట్ట మీద రంధ్రాలు ఎలా ఉంటే చీర అంచు మీద పువ్వు అలా పడుతుంది. ఆదెప్ప చేత బెదిరించి కొట్టించిన చివరి అట్టల్లో పువ్వు లేదు. పెనుకొండ దగ్గర రక్షణ కర్మాగారంలో తయారవుతున్న కొత్త రాడార్ డిజైనుంది. రంధ్రం ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. చీర నేయడం అయిపోయింది. పెన్‌డ్రైవ్ అయితే ఏ గేటు దగ్గరైనా దొరుకుతుంది. పట్టుచీరను ఎవరు అనుమానిస్తారు?

ఆ చీరను బెర్గ్ అనే విదేశీ ముఠా నాయకుడు రేపు బెంగళూరులో అందుకుంటాడు. యశ్వంతపుర నుంచి మెట్రో గ్రీన్ లైన్‌లో చీర ప్రయాణం చేస్తుంది. ఏ స్టేషన్‌లో చేతులు మారుతుందో తెలియదు. "ఇది ధర్మవరమా, కంచినా?" అని అడిగినవాడే కొనేవాడు. "మా ఇంటి మగ్గానిది" అన్నది జవాబు.

"తెచ్చేదెవురు?" అన్నాడు లక్ష్మీకాంత్.

కుళ్ళాయప్ప చింతగింజ ఒకటి తీసి బల్ల మీద దొర్లించాడు. "గీతాంజలి."

లక్ష్మీకాంత్ ఆ గింజ బల్ల అంచు దాటకుండా వేలితో ఆపాడు.

నేతగాళ్ళ ఇంట పుట్టిన గీతాంజలిని ముఠాలోకి పంపింది ఈ ఆఫీసే. ఖరీదైన కార్లలో, నల్ల కళ్ళజోడుతో, చీరల ఎగుమతి కంపెనీ మేడంగా తిరుగుతూ వాళ్ళ రహస్యాలు వీళ్ళకు చేరవేసేది. మూడు నెలలుగా ఆమె నుంచి ఒక్క కబురూ లేదు. ఆమె అటు తిరిగిపోయిందని పైవాళ్ళు తేల్చేశారు.

"ఆమె మన మనిషే" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఏమప్పా, నాకు మాత్రం కాదనాలని ఉండాదా? రేపు నువ్వే చూసి చెప్పు. అసలు చీర ఆమె వాని చేతిలో పెడితే ఆమె మనది కాదు. అంతే." కుళ్ళాయప్ప ఒక నిమ్మకాయను అతని వైపు తోశాడు. అచ్చం నిజమైన కాయలాగే ఉంది. బరువు మాత్రం ఎక్కువ. లోపల ట్రాన్స్‌మిటర్. ఒకసారి నొక్కితే, 'ఆమె మన మనిషి, కొనేవాణ్ణి పట్టండి' అని ముందు బోగీలో మఫ్టీలో ఉన్నవాళ్ళకు అందుతుంది. రెండుసార్లు నొక్కితే, 'ఆమె కూడా శత్రువే, కాల్చండి' అని.

"చీర ఏ రంగు?"

"వంకాయ రంగు. ఎర్రంచు. రంగు ఆమెనే ఎంచిందంట."

లక్ష్మీకాంత్ నిమ్మకాయ తీసుకుని లేచాడు.

అలాంటి చీర ఒకటి అతనికి తెలుసు. ఆరేళ్ళ కిందట ఒక మిషన్ కోసం ఆఫీసు వాళ్ళిద్దరినీ భార్యాభర్తలుగా హిందూపురంలో కాపురం పెట్టించింది. ఇరుగుపొరుగు నమ్మడానికి పెళ్ళి ఫోటో కావాలి కాబట్టి, పెనుకొండ కొండ మీద నరసింహస్వామి గుడిలో పెళ్ళి కూడా జరిపించింది. ఆఫీసు లెక్కలో పెళ్ళిచీరను 'పరికరాలు' కింద రాశారు. కొత్త చీర మూలన పసుపు పెట్టడానికి పెద్ద ముత్తైదువ ఎవరూ లేకపోతే, ఆ పసుపు లక్ష్మీకాంతే పెట్టాడు. పంతులుకు మారుపేరు చెప్పమన్నారు, చెప్పాడు. గోత్రం కూడా మార్చి చెప్పమన్నారు. అది మాత్రం దేవుడి ముందు నోరు రాలేదు. సొంత గోత్రమే చెప్పేశాడు. ఈ సంగతి ఏ రిపోర్టులోనూ లేదు.

రెండేళ్ళకు మిషన్ ముగిసింది. కాపురం ఖాళీ చేయమని ఆర్డర్ వచ్చింది. ఆమె చీర పెట్టెలో పెట్టుకుని ఒక ఆటో ఎక్కింది, అతను ఇంకో ఆటో ఎక్కాడు. అబద్ధం కోసం చేసుకున్న పెళ్ళికి దేవుడు సాక్షిగా నిలబడతాడా? ఈ ప్రశ్న అతను రోజూ పూజలో అడుగుతాడు. దేవుడు కూడా రహస్యాలు బయటపెట్టే రకం కాదు.

మరునాడు పొద్దున యశ్వంతపుర మెట్రో ప్లాట్‌ఫాం మీద, బనశంకరి గుడిలో నిమ్మకాయ దీపాలు పెట్టడానికి పోయే ముసలాయన ఒకడు నిలబడ్డాడు. తెల్లగడ్డం, మెడలో తులసిమాల, చెవిలో వినికిడి యంత్రం, చేతిలో నిమ్మకాయల సంచి. లక్ష్మీకాంత్‌ను కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.

పెనుకొండ నుంచి రైల్లో వచ్చిన గీతాంజలి మెట్లెక్కి పైకి వచ్చింది. గంధం రంగు చీర, నల్ల కళ్ళజోడు, భుజానికి పెద్ద బట్టల సంచి. కాస్త చిక్కింది. అతని పక్కనుంచే పోయి బోగీలో కూర్చుంది. అతను ఎదురు వరసలో సందు చేసుకున్నాడు.

ముందు స్టేషన్ పేరు కన్నడంలో వినిపించింది. సాండల్ సోప్ ఫ్యాక్టరీ. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. మహాలక్ష్మి. కాలేజీ పిల్లలు ఎక్కారు. రాజాజినగర్. ఒక తెల్లదొర ఎక్కాడు. లక్ష్మీకాంత్ వేలు నిమ్మకాయ మీదికి పోయింది. దొర ఫోన్ చూసుకుంటూ కువెంపు రోడ్‌లో దిగిపోయాడు. శ్రీరాంపుర. సంపిగె రోడ్. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అతను ఎక్కేవాళ్ళను ఒక్కొక్కరినే చూస్తున్నాడు. ఎక్కినవాడు కొనేవాడు కాకపోతే, ఆమె ఇంకో రెండు నిమిషాలు మన మనిషే.

బండి సొరంగంలోకి దిగింది. అద్దంలో ఆమె ముఖం కనబడింది. హిందూపురంలో కరెంటు పోయినప్పుడు బుడ్డి వెలుగులో కనబడే ముఖం అది. అతను చూపు తిప్పుకున్నాడు.

మెజెస్టిక్‌లో సగం బెంగళూరు దిగి, మిగతా సగం ఎక్కింది. ఆ తోపులాటలో రొళ్ల నుంచి వచ్చిన కమలాక్షి అనే పెద్దావిడ లక్ష్మీకాంత్ పక్కన ఇరుక్కుని కూర్చుంది. అతని నిమ్మకాయలు చూడగానే ఆమెకు చుట్టం దొరికినట్టయింది. తను కూడా బనశంకరమ్మ గుడికేనట. కోడలు అడ్రసు చెప్పిందట గానీ కోడలి మాట నమ్మి బయల్దేరే రకం కాదట ఆమె. ఇప్పుడు తోడు దొరికింది కాబట్టి దిగులు లేదట.

చిక్కపేట. ధర్మవరం చీరలన్నీ బెంగళూరులో వచ్చి పడే బజారు అదే. అక్కడ గొడుగు చేత్తో పట్టుకుని వెంకటప్ప ఎక్కాడు. ఒకప్పుడు ధర్మవరంలో చీరల దళారి, ఇప్పుడు బెర్గ్ కుడిభుజం. బయట ఎండ కాస్తోంది. ఆ గొడుగు మొనలో ఏముందో ఆదెప్ప మెడ మీది చుక్కకు తెలుసు. వెంకటప్ప కోడ్ మాట అనలేదు. ఆమెకు మూరెడు దూరంలో నిలబడి, సంచి మీద చూపు పెట్టాడు. మూడు నెలలుగా ఆమె నుంచి కబురెందుకు రాలేదో లక్ష్మీకాంత్‌కు అప్పుడర్థమైంది. ఈ మనిషి ఆమె నీడలా తిరుగుతున్నాడు. నీడే అయితే ఆమె మన మనిషి. తోడైతే కాదు. ఏదో తెలిసేదెట్లా?

కె.ఆర్. మార్కెట్ దాటాక బండి మళ్ళీ వెలుతురులోకి వచ్చింది. నేషనల్ కాలేజ్. లాల్‌బాగ్ చెట్లు. సౌత్ ఎండ్ సర్కిల్. జయనగర. ఆర్.వి. రోడ్‌లో జనం బండి మారడానికి పరుగులు పెట్టారు. గీతాంజలి కదల్లేదు.

తరువాత బనశంకరి.

"లే తాతా, బనశంకరి వచ్చిండాది" అంది కమలాక్షి.

లక్ష్మీకాంత్ చెవి యంత్రం మీద చెయ్యి పెట్టి వినబడనట్టు కూర్చున్నాడు. ఎంత గొప్ప ప్లాన్‌లోనైనా చూసుకోని చోటు ఒకటుంటుంది. బనశంకరి భక్తుడు బనశంకరిలో దిగకపోతే ఏమని చెప్పాలో ఆఫీసులో ఎవరికీ తట్టలేదు.

"ఏమప్పా, నిన్నే. అమ్మవారు ఈడుంటే నువ్వు యాడికి పోతాండావు?" అంటూ ఆమె సంచి పట్టుకుని లాగింది. సంచి జారింది. నిమ్మకాయలు బోగీ అంతా దొర్లిపోయాయి.

దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, మధ్యలో కాయలు. వెంకటప్ప విసుక్కుంటూ రెండడుగులు వెనక్కి జరిగాడు. గీతాంజలి సంచితో సహా కింద కూర్చుని కాయలు ఏరసాగింది. లక్ష్మీకాంత్ వంగి తన కాళ్ళ దగ్గరి కాయ ఒకటి తీసి, అమ్మవారికి పోవలసిన కాయ నేల పాలైందని కళ్ళకద్దుకున్నాడు. వేషం అంతా మార్చాడు గానీ ఆ అలవాటు మార్చుకోవడం మరిచాడు.

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. హిందూపురం ఇంట్లో దేవుడి గూటి నుంచి పువ్వు రాలినా అతను అలాగే అద్దుకునేవాడు. ఆమె ముఖం ఎత్తకుండా, బరువైన నిమ్మకాయను వేళ్ళతో తడిమి చూసి, తక్కినవాటితో పాటు అతని సంచిలో వేసింది. సంచిని రెండు చేతులా సర్ది అతని ఒళ్ళో పెట్టింది.

"భద్రం తాతా" అని మాత్రం అంది.

కమలాక్షి మాత్రం వదల్లేదు. తలుపులు మూసుకునే లోపు దిగి, ప్లాట్‌ఫాం మీద నిలబడి, ఈ ముసలాయనకు చెవులతో పాటు బుద్ధి కూడా పనిచేస్తున్నట్టు లేదని అద్దంలోంచి సైగలు చేసింది.

జె.పి. నగర్. యెలచేనహళ్ళి. కోణనకుంటె క్రాస్. బోగీ పలచబడింది. దొడ్డకల్లసంద్ర. వజ్రహళ్ళి. ఇక ఎక్కేవాళ్ళు లేరు. తలఘట్టపుర దాటింది. మిగిలింది ఒక్క స్టేషనే. ఆ స్టేషన్ పేరు సిల్క్ ఇన్‌స్టిట్యూట్. పట్టు పుట్టిన ఇంటి పిల్లను ఆ పేరు రాసిన చోటికే తీసుకువచ్చి పరీక్ష పెట్టడం ఏ దేవుడి పథకమో లక్ష్మీకాంత్‌కు అర్థం కాలేదు.

బెర్గ్ ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చునున్నాడు. లేత రంగు సూటు, పట్టు వ్యాపారి నవ్వు. తిరుగు ప్రయాణానికి అదే బండి సిద్ధంగా ఉంది. చీర అందుకోవడం, అదే బండి ఎక్కడం, అంతే అతని పని.

"ఇది ధర్మవరమా, కంచినా?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"మా ఇంటి మగ్గానిది" అంది గీతాంజలి. సంచిలోంచి వంకాయ రంగు చీర తీసింది. ఎర్రంచు ఎండలో మెరిసింది.

లక్ష్మీకాంత్ స్తంభం పక్కన నిలబడి నిమ్మకాయ కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. ఇవ్వద్దు, ఇవ్వద్దని లోపల మొక్కుకుంటున్నాడు. ఆమె చీర బెర్గ్ చేతిలో పెట్టింది.

రెండుసార్లు నొక్కాలి. ఆర్డర్ అదే.

అతని వేళ్ళకు నిమ్మకాయల అడుగున మెత్తగా ఏదో తగిలింది. పట్టు. వంకాయ రంగు మడత, ఎర్రంచు. పువ్వు లేని అంచు. అతను తల ఎత్తి బెర్గ్ చేతిలోని చీరను చూశాడు. మడత మూలన పాతబడిన పసుపు మరక ఉంది.

ఒక్కసారే నొక్కాడు.

అదే క్షణంలో వెంకటప్ప కూడా ఆ మూల చూశాడు. జీవితమంతా చీరలు మడతపెట్టిన చేతులు అతనివి. "దొరా, మోసం. అమ్మే చీరకు ఎవురైనా పసుపు పెడతారా? ఇది ఎవురో కట్టుకున్న చీర" అన్నాడు మెల్లగా. ఆ మాట ఎంత మెల్లగా అన్నాడో, గొడుగు మొన అంత మెల్లగా ఆమె పక్కటెముకలను తాకింది.

మఫ్టీ మనుషులు ముందు బోగీ నుంచి దూకారు. బెర్గ్ ఒక కాలు బండిలో పెట్టాడు. రెండో కాలు ప్లాట్‌ఫాం మీద ఉండగానే, మూసుకుంటున్న తలుపుల సందులోంచి అతన్ని వెనక్కి లాగారు. బండి అతను లేకుండానే లైను అవతలి కొసనున్న మాదావర వైపు వెళ్ళిపోయింది. వెంకటప్ప చేతులకు సంకెళ్ళు పడ్డాయి. దేశం రహస్యం నిమ్మకాయల కింద భద్రంగా ఉంది.

గీతాంజలి బెంచీకి ఆనుకుని కూలబడింది. లక్ష్మీకాంత్ గడ్డం పీకేసి ఆమె తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మార్చి ఇవ్వడానికి ఇంకో చీర దొరకలేదా నీకు?" అన్నాడు.

"అదే రంగు, అదే అంచు యాడ దొరుకుతాది? అందుకే వాళ్ళ చీరకు కూడా ఆ రంగే చెప్పినా."

"పసుపన్నా కడిగి ఉంటే..."

"కడగదామనే నీళ్ళ దగ్గర కూర్చుంటి." ఆమె ఊపిరి తీసుకుంది. "చేతులు రాలేదు."

అంబులెన్స్ వస్తోందని ఎవరో అంటున్నారు. ఆమె అతని చెయ్యి వెతికి పట్టుకుంది. నిమ్మకాయ వాసన వేస్తోందన్నట్టు చిన్నగా నవ్వింది.

"కొండ మీద పంతులు అడిగినప్పుడు నువ్వు గోత్రం నిజమే చెప్తివి. నేను అప్పుడే కనుక్కుంటి."

"రిపోర్టు చేయలేదే?"

"ఎట్ల చేసేది? నేనూ నిజమే చెప్తి."

ఆమె ఆసుపత్రికి చేరింది గానీ అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

సాయంత్రం కుళ్ళాయప్ప ఫోన్ చేశాడు. మిషన్ సక్సెస్ అని పైవాళ్ళు మెచ్చుకున్నారట. ఇక ఒక మాట అడగాలన్నాడు. "ఆమె మన మనిషేనని రాసుకోవల్ల. నువ్వు చెప్పు, రాస్తా."

"నా మనిషి" అని ఫోన్ పెట్టేశాడు లక్ష్మీకాంత్.

పెళ్ళిచీరను సాక్ష్యం కింద సీల్ వేసి తీసుకుపోయారు. మళ్ళీ 'పరికరాలు' కిందే రాసి ఉంటారు. రాడార్ చీరను విప్పి, పోగు పోగుగా కాల్చేస్తారట. రెండింటిలో ఏది దేశ రహస్యమో ఆ రాసేవాళ్ళకు తెలియదు.

ఆసుపత్రి కిటికీ వెనక ఉన్న అమ్మాయి, శవాన్ని అప్పగించడానికి వివరాలు అడిగింది. తన పేరు చెప్పాడు, ఈసారి అసలు పేరే. ఊరు ధర్మవరమన్నాడు. ఆమెకు మీరేమవుతారని అడిగింది.

"భర్తను."

అమ్మాయి తల ఎత్తకుండానే రాసుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని అబద్ధాలకో ఎన్నెన్నో ఆధారాలు పుట్టించిన ఏజెంట్ లక్ష్మీకాంత్, ఫోటో కూడా చూపించకుండా నమ్మించగలిగిన మాట అదొక్కటే.