బూటులో బంగాళాదుంప

కిటికీ గట్టు మీది బూటులో చెయ్యి పెట్టిన ఓర్రి నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. లోపల ఉన్నది బంగాళాదుంప!

మంచి దుంప కూడా కాదు. ఒక పక్క మెత్తబడింది, ఇంకో పక్క తెల్లటి మొలకలొచ్చాయి.

లేచి చాలాసేపైనా వంటింటి కిటికీ బయట ఇంకా చీకటే. ఐస్లాండ్ ఉత్తర తీరంలో ఈ రోజుల్లో సూర్యుడు కొండ దాటి పైకి రాడు. మంచు అద్దాలను గుప్పెళ్లతో కొడుతోంది.

అమ్మ అమ్మమ్మ వంక చూసింది. అమ్మమ్మ అమ్మ వంక చూసింది. నేను కాదన్నట్టు ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు.

పదేళ్ల అక్క స్వాలా మాత్రం తన గిన్నెలోని జావ వంక చూసింది.

క్రిస్మస్‌కి ముందు పదమూడు రాత్రులు, రాత్రికి ఒకరు చొప్పున, కొండల్లో ఉండే పదమూడుగురు అన్నదమ్ములు, కొండన్నలు, మంచులోంచి ఊళ్లోకి దిగుతారు. పిల్లలు కిటికీలో బూటు పెడతారు. బుద్ధిగా ఉన్నవాళ్ల బూటులో పండో, బొమ్మో ఉంటుంది. మాట విననివాళ్ల బూటులో బంగాళాదుంప ఉంటుంది. స్వాలాకి ఇన్నేళ్లలో ఒక్కసారీ దుంప రాలేదు. ఓర్రికి ఐదేళ్లు. వాడికీ ఇదే మొదటిసారి.

ఓర్రి ఏడవలేదు. ఏడుస్తాడనే స్వాలా అనుకుంది. వాడు దుంపను రెండు చేతులతో పట్టుకుని, "నిన్న వచ్చింది ఏ కొండన్న?" అని అడిగాడు.

"కిటికీల్లోంచి తొంగిచూసేవాడు," అంది అమ్మమ్మ.

ఓర్రి మొహం పాలిపోయింది. తన బూటు తీసుకెళ్లి తలుపు వెనక పెట్టేశాడు.

"అదేమిట్రా, రేపు ఇంకొకాయన వస్తాడుగా?" అంది అమ్మ.

"నాకొద్దు."

అమ్మమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఇల్లంతా కమలాపండు వాసన. స్వాలా, నీ పండు ఒలిచావా?"

"లేదు. బూటులోంచే వస్తోందేమో," అంది స్వాలా. ఆమె బూటులో కమలాపండు నిగనిగలాడుతూ అలాగే ఉంది.

వాసన అక్కణ్ణుంచి రావడం లేదని స్వాలాకి తెలుసు.

* * *

గొడవ పండగ ఆకురొట్టెల దగ్గర మొదలైంది.

నిన్న అందరూ కూర్చుని పల్చటి పిండి రొట్టెల మీద కత్తి మొనలతో ముగ్గుల్లా కోశారు. స్వాలా సాయంత్రమంతా కూర్చుని ఒకే ఒక్క రొట్టె కోసింది. దాని మీద పడవ. పడవలో నాన్న. అమ్మమ్మ దాన్ని నూనెలో వేయించి తీసి పక్కన పెట్టింది. నాన్న సముద్రం మీంచి వచ్చాక మొదటిది అదే తినాలి.

ఓర్రి వచ్చి ఆ రొట్టెనే కొరికాడు. సరిగ్గా పడవ ఉన్న చోట.

"అమ్మా! చూడు వీణ్ణి!"

"పోనీలేవే, చిన్నవాడు."

"నేనెప్పుడు చిన్నదాన్ని?" అని స్వాలా అరిచింది. అదే సమయానికి రేడియోలో సముద్రపు వాతావరణం చెబుతున్నారు. పెద్దవాళ్లిద్దరూ అటు పరిగెత్తారు.

ఇవాళ అందరికంటే ముందు లేచింది స్వాలా. రెండు బూట్లలోనూ చెరో కమలాపండు ఉంది. ఓర్రి పండు తీసి, చీకట్లో నిలబడే గబగబా తినేసింది. తొక్కలు తన ఉన్ని చేతితొడుగులో కుక్కింది. కింది గదిలో దుంపల బుట్ట వెతికి, అన్నిటికంటే పాడైన దుంపను ఏరి తెచ్చింది.

ఏడుస్తాడు, కాసేపు నవ్వుకుందాం, అంతే అనుకుంది.

* * *

రేడియోలో మంచి కబురు లేదు. కొండ మీది రోడ్డు మూసేశారు. నాన్న పడవ ఇంజను పాడైంది. ఒక చిన్న దీవి చాటున లంగరు వేసుకుని ఆగారు. గాలి దిక్కు మారితే ఆ చాటు కూడా ఉండదు. ఈ సంగతి అమ్మ పిల్లలకి చెప్పలేదు. కానీ గుసగుసలు వినడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మధ్యాహ్నం కాస్త వెలుతురు వచ్చింది. ఓర్రి వచ్చి స్వాలా పక్కన నిలబడ్డాడు. జేబు ఉబ్బెత్తుగా ఉంది. దుంప అందులోనే ఉంది.

"అక్కా, కొండన్నకి దీన్ని తిరిగిచ్చేస్తే తీసుకుంటాడా?"

"నాకేం తెలుసు?"

"తీసుకుంటే, తప్పు పోయినట్టేనా?"

"వెళ్లి ఆయన్నే అడుగు. నా బుర్ర తినకు," అంది స్వాలా. వాడి మొహం చూడటం ఆమెకి ఇష్టం లేకపోయింది.

అప్పుడే ఫోను మోగింది. నాన్న! గరగరల మధ్య గొంతు వచ్చింది. "అందరం బాగున్నాం. తడిసిన పిల్లుల్లా ఉన్నాం, అంతే. బుడతడేడీ?"

ఓర్రి బల్ల కింద దూరాడు.

"రారా బంగారం, నాన్న," అంది అమ్మ.

వాడు చెవులు మూసుకున్నాడు. అమ్మ బతిమాలుతుండగానే ఫోను తెగిపోయింది. అమ్మ దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మమ్మ రేడియో చెవికి ఆనించుకుంది. స్వాలా కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. తెలుపు తప్ప ఏమీ లేదు.

వెనక్కి తిరిగేసరికి బల్ల కింద ఓర్రి లేడు.

గదిలో లేడు. మంచం కింద లేడు. తలుపు దగ్గర వాడి కోటు లేదు.

బూట్లూ లేవు.

* * *

"రేవుకే వెళ్లుంటాడు, నాన్న కోసం!" అమ్మ అప్పటికే కోటు తొడుక్కుంటోంది. "అమ్మా, నువ్వు ఫోను దగ్గరుండు. పక్కింటివాళ్లని కేకెయ్యి."

స్వాలా అమ్మ చెయ్యి పట్టుకుంది. "రేవుకి కాదమ్మా. కొండ మీదికి."

"నీకెలా తెలుసు?"

"దుంప తిరిగిచ్చేస్తానన్నాడు. నేను... వెళ్లి అడుగు అన్నాను."

అమ్మ ఒక్క క్షణం ఆమెను చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటి వెనక చిన్న అడుగుల గుర్తులు కనిపించాయి. అవి కూడా చూస్తుండగానే పూడిపోతున్నాయి. ఇద్దరూ వంగి, గాలికి భుజాలు అడ్డుపెట్టి నడిచారు. స్వాలా చేతితొడుగులోకి చెయ్యి దూర్చింది. వేళ్లకి చల్లగా, తడిగా తొక్కలు తగిలాయి. దులపడానికి ఆగితే అమ్మ కనపడకుండా పోతుంది. అలాగే పిడికిలి బిగించి నడిచింది.

"ఓర్రీ!"

గాలి ఆ పేరును నోట్లోంచే లాక్కుపోయింది.

కంచె దగ్గర అడుగుల గుర్తులు ఆగిపోయాయి. వెలుతురు అప్పుడే తగ్గిపోతోంది. అమ్మ ఎటు తిరగాలో తెలియక చుట్టూ తిరుగుతోంది. స్వాలాకి గాలిలో ఏదో వినిపించింది. గొర్రెల పాత రాతి దొడ్డి వైపు నుంచి.

"తీసేసుకో! ఇదిగో! తీసేసుకో!"

వాడు గోడ చాటున ముడుచుకుని కూర్చున్నాడు. కొండవైపు చెయ్యి చాపి అరుస్తున్నాడు. చేతిలో దుంప. చేతికి తొడుగు లేదు. వేళ్లు ఎర్రగా కందిపోయాయి.

అమ్మ వాణ్ణి కోటులోకి లాక్కుంది. "స్వాలా, నీ తొడుగులు వాడికివ్వు. త్వరగా!"

స్వాలా ఎడమది ఇచ్చింది.

"రెండోదేదీ?"

స్వాలా వెనక్కి తిరిగింది. తొక్కలు జేబులో కుక్కుకుంది. అప్పుడు రెండోదీ ఇచ్చింది. అమ్మ చూడలేదు. మంచు కళ్లలో కొడుతుంటే ఎవరికేం కనిపిస్తుంది? అయినా స్వాలా మొహం ఆ చలిలో వేడెక్కిపోయింది.

* * *

ఓర్రిని దుప్పట్లలో చుట్టి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. అమ్మమ్మ వాడి వేళ్లను తన చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. వేడి కోకో ముందు పెట్టినా తాగలేదు.

"కొండన్న రాలేదు," అన్నాడు చివరికి. "నేను పిలిచాను. రాలేదు."

"ఎందుకు పిలిచావురా?" అంది అమ్మ.

"దుంప తీసుకుంటే నాన్న వస్తాడని."

అమ్మ వాడి దగ్గరికి జరిగింది. వాడు చిన్న గొంతుతో చెప్పాడు. "నాన్న పండగ దాకా ఉండకుండా వెళ్లిపోయాడుగా. నాకు కోపం వచ్చింది. ఈ కిటికీ దగ్గర నిలబడి, 'పో, ఇంక రాకు' అన్నాను. నాన్నకి వినపడలేదు. తొంగిచూసే కొండన్నకి వినపడింది. అందుకే దుంప. అందుకే పడవ పాడైంది."

"లేదురా పిచ్చి నాన్నా!" అంది అమ్మ. "ఇంజను పాతది, అందుకు పాడైంది. నువ్వన్న మాటకి కాదు."

"మరి దుంప?"

"కొండన్న ఏదో పొరపాటు పడ్డాడు," అంది అమ్మ నెమ్మదిగా.

"ఆయన పొరపాటు పడడు," అన్నాడు ఓర్రి. "కిటికీలోంచి అన్నీ చూస్తాడు."

అమ్మమ్మ తల తిప్పి స్వాలాని చూసింది. కమలాపండు వాసన వేస్తున్న ఆమె జేబు వంక చూసింది.

ఫోను మోగింది.

"గాలి కాస్త తగ్గింది," నాన్న గొంతు బొంగురుగా ఉంది. "వేరే పడవ మమ్మల్ని లాగడానికి బయల్దేరిందట. పండగకి అందుకోలేమేమో. మళ్లీ ఫోను ఎప్పుడు కలుస్తుందో తెలీదు. ఓర్రి ఉన్నాడా?"

అమ్మ ఫోను ముందుకు చాపింది. ఓర్రి దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

"నేను మాట్లాడితే ఇంకా చెడు జరుగుతుంది," అంది దుప్పటి.

స్వాలా లేచింది. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. అమ్మమ్మకి అనుమానం ఉన్నా చెప్పదు. రేపు ఇంకో కొండన్న వస్తాడు, ఇంకో పండు పెడతాడు, దుంప సంగతి అందరూ మర్చిపోతారు.

ఓర్రి మాత్రం మర్చిపోడు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి తన బూటులోని కమలాపండు తీసింది. వచ్చి తమ్ముడి ముందు నేలమీద కూర్చుంది. జేబులోంచి తొక్కలు తీసి, అవి చిరిగి తడిసి ఉన్నా, అందరికీ కనిపించేలా అరచేతిలో పరిచింది. దుప్పటి అంచు పైకెత్తింది.

"ఓర్రీ, ఇటు చూడు. ఆ దుంప కొండ మీంచి రాలేదు. మన కింది గదిలోని బుట్టలోంచి వచ్చింది. తెచ్చింది నేను. నువ్వు నాన్న రొట్టె కొరికావని కోపంతో నీ బూటులో పెట్టాను. తర్వాత నువ్వు అడిగినప్పుడు కూడా చెప్పలేదు. నిన్ను మంచులోకి పంపింది కొండన్న కాదు, నేను. ఆయన కిటికీలోంచి చూశాడు, నువ్వన్న మాట విన్నాడు, విన్నాక కూడా నీకు కమలాపండే పెట్టాడు. ఇవిగో దాని తొక్కలు. నేను తినేశాను. ఇది నాకు వచ్చింది, నువ్వు తీసుకో. కానీ ఇదిచ్చినా నీ పండు తిరిగి రాదు, ఓర్రీ. చాలా తియ్యగా ఉండింది. ముందు ఫోను తీసుకో, నాన్న ఇంకా లైన్లోనే ఉన్నాడు. నీ తర్వాత నాకివ్వు. ఇదంతా నాన్నకి కూడా నేనే చెప్పాలి."