నిండు నిమిషం

నర్సింగ్ కాలేజీలో అందరూ ఆ పిల్లని లాయరమ్మ అనేవారు. ఆమె నోరు తెరిచిందంటే ఎదుటివాళ్లు మూసుకోవాల్సిందే. అలాంటిది ఆ సాయంత్రం పది ప్రశ్నల కాగితం పట్టుకుని, వార్డు చివరి బట్టల గదిలో నంగి నంగిగా కూర్చుంది. ఒక రిజిస్టర్డ్ నర్సుని వృత్తి గురించి అడిగి రాసుకురమ్మని కాలేజీలో చెప్పారు.

వార్డంతా పెద్దక్క అని పిలిచే ఆ నర్సు, ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెడుతూనే జవాబులిచ్చింది. ఈ ఉద్యోగంలో ముందు పాడయ్యేవి కాళ్లనీ, తర్వాత కాపురమనీ నవ్వింది. బయట వాన. గదిలో ఫినాయిల్ వాసన, చెమ్మగోడ వాసన.

ఏడో ప్రశ్న దగ్గర పిల్ల గొంతు తగ్గింది. మంచి నర్సుని ఎలా గుర్తుపడతారని అడిగింది.

"నాడి రాసిన అంకె చూసి" అంది పెద్దక్క. నిండు నిమిషం చెయ్యి పట్టుకుని కూర్చుంటే అరవై ఏడో డెబ్బై మూడో కూడా వస్తుందట. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసే బద్ధకస్తులవి ఎప్పుడూ సరి సంఖ్యలేనట. అసలు మంచం దగ్గరికే వెళ్లనివాళ్లవీ అంతేనట. "పోయినవారం పన్నెండో మంచం బామ్మకి డెబ్బై రెండు, డెబ్బై నాలుగు, డెబ్బై రెండు. ఎవరే ఆ అంకెలు వండింది?"

లాయరమ్మ తల దించుకుంది. మూడింటికీ, నాలుగింటికీ, ఐదింటికీ బామ్మ నాడి చూడాల్సింది ట్రైనింగ్ డ్యూటీలో ఉన్న తనే. వరండాలో కూర్చుని, నర్సుల జీతాలు ఎందుకు పెరగాలో తోటివాళ్లతో వాదించి గెలిచింది. అంకెలు అక్కణ్ణుంచే రాసేసింది. ఐదున్నరకి డాక్టరు హడావిడిగా వచ్చి, బామ్మ చెయ్యి పట్టుకుని వదిలేసి, ఐదింటిదాకా బాగానే ఉందిగా అని పెదవి విరిచాడు. ఆరు కాకముందే శవాల గదికి పంపేశారు. బాగా చూసుకున్నావమ్మా అని బామ్మ కూతురు ఈ పిల్లకి దండం పెట్టింది. ఆ దండం తేలుకుట్టినట్టు ఇంకా మండుతూనే ఉంది.

"నేనే అక్కా" అంది తలెత్తకుండా. "వాళ్లమ్మాయికి చెప్పేస్తాను. కానీ... మూడింటికే బామ్మ పోయిందేమో కదా? నేను చూసినా లాభం ఉండేది కాదేమో?"

అన్నాక తెలిసింది, అది తప్పు ఒప్పుకోవడం కాదనీ, మళ్లీ వాదనేననీ. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

కరెంటు పోయింది.

దుప్పట్ల చప్పుడు ఆగింది. చీకట్లో మందుల వాసన, పాచి నోటి వాసన దగ్గరికొచ్చాయి. లాయరమ్మ అరచేతిలో ఒక మణికట్టు వచ్చి వాలింది. ఎముక. వదులు చర్మం. చల్లగా...

"అక్కా... మీ చెయ్యేనా?"

"నేను తలుపు దగ్గరున్నాను" అని గుసగుస, గది అవతలి చివర్నుంచి. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. "వదలకు. లెక్కపెట్టు. రేడియం ముళ్ల గడియారం నేను చూస్తా."

ఎక్కడో లోలోపల... కొట్టుకుంటోంది. యాభై ఏడు దగ్గర పెద్దక్క "చాలు" అంది. చెయ్యి తప్పుకుంది. మళ్లీ వాలింది, ఇంకా చల్లగా. నలభై ఒకటి. "చాలు." మళ్లీ. ఇరవై తొమ్మిది. "చాలు."

మూడింటికి. నాలుగింటికి. ఐదింటికి. మూడుసార్లూ బతికే ఉంది. ఏ ఒక్కసారి చూసినా కేకేసి ఉండేది... ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చేవారు...

"తప్పు నాదే బామ్మా" అంది. ఈసారి 'కానీ' రాలేదు. చెయ్యి మెల్లగా జారిపోయింది. లాయరమ్మ ఏడుస్తూ ఊపిరి పీల్చుకుంది.

అరచేతిలో మళ్లీ మణికట్టు వాలింది.

నాలుగోసారి. మంచులా.

ఆరింటికి బామ్మ శవాల గదిలో ఉంది.

"అక్కా... ఇది ఎన్నింటిది?"



వేళ్ల కింద... ఒకటి.

చాలాసేపటికి... రెండు.

మూడు.

చాలు అని ఎవరూ అనలేదు.