ట్యాంకు వాళ్లది, మోటారు మనది

పొద్దున్నే వంటింట్లో కాలు పెట్టగానే కోటేశ్వరి చీర కుచ్చెళ్లు తడిసిపోయాయి. లైటు వేసి చూసింది. ఫ్రిజ్జు కింద నుంచి నీళ్లు సన్నగా పాకుతూ పోయి హాల్లోని అడ్డుగోడ మొదట్లో ఇంకిపోతున్నాయి. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. తుడిచిన గంటకి మళ్లీ మామూలే.

ఆ ఫ్రిజ్జంటే ఆమె భర్త గోపాలకృష్ణయ్యకు మహా మురిపెం. మిరపకాయలకు మంచి ధర పలికిన ఏడు నరసరావుపేట నుంచి తెచ్చాడు. పైన ట్యాంకు నుంచి దానికి సన్నటి పైపు వేయించాడు. తలుపుకు గ్లాసు ఆనిస్తే చల్లనీళ్లు వచ్చే ఫ్రిజ్జు ఈపూరు మండలం మొత్తంలో తన ఒక్కడికే ఉందని ఆయన నమ్మకం. ఇంటికొచ్చిన వాళ్లకు దాహం ఉన్నా లేకపోయినా ఒక గ్లాసు పట్టి చేతిలో పెట్టేవాడు. ఎవరి ముచ్చట వాళ్లది.

ఇల్లు మాత్రం ఒకప్పుడు ఒకటే. పంచాయితీ ఎన్నికల్లో అన్న వెంకట్రామయ్య సర్పంచిగా నిలబడితే, తమ్ముడు గోపాలకృష్ణయ్య అవతలి పార్టీ జెండా పట్టాడు. అన్న కొద్ది ఓట్లతో ఓడిపోయాడు. నెల తిరక్కుండా హాలు మధ్య గోడ లేచింది. పెద్దమనుషులు కూర్చుని అన్నీ సమంగా పంచారు గానీ, నీళ్ల దగ్గర వాళ్ల తెలివి తెల్లారింది. సంపు, మోటారు తమ్ముడి వాటాకి వచ్చాయి. మేడమెట్లు, మేడ మీది ట్యాంకు అన్న వాటాకి పోయాయి. వీళ్లు మోటారు వేస్తేనే వాళ్ల ట్యాంకు నిండాలి. వాళ్ల ట్యాంకు నుంచి దిగితేనే వీళ్ల కుళాయిలో నీళ్లు రావాలి.

మగాళ్లు మాటలు మానేస్తే మానేశారు, అంట్లు తోమేది ఆడవాళ్లు కదా. ట్యాంకు ఖాళీ అయితే అవతల నుంచి తోడికోడలు సుబ్బరత్నం గరిటె కాడతో గోడ మీద కొట్టేది. ఇవతల కోటేశ్వరి మోటారు వేసేది. నిండితే మళ్లీ కొట్టేది. నాలుగేళ్లుగా ఆ ఇద్దరి కబుర్లూ అవే.

ఇప్పుడు ఆ గోడకు అవతలున్నది పురిటిగది. సుబ్బరత్నం కూతురు భవ్య కానుపుకు వచ్చి ఆడపిల్లను కన్నది. భవ్య పుట్టినప్పుడు సుబ్బరత్నం పచ్చకామెర్లతో మంచాన పడితే, కొత్తగా కాపురానికి వచ్చిన కోటేశ్వరే ఆ నెలల పిల్లను ఒళ్లో వేసుకుని పెంచింది. తర్వాత తనకు కొడుకు ఉదయ్ పుట్టినా, మొదట అమ్మతనం తెలిసింది మాత్రం భవ్య వల్లే. అలాంటి పిల్ల కన్న బిడ్డ గోడకవతల కేరుమంటుంటే, ఇవతల నిలబడి వినడం తప్ప కోటేశ్వరికి చూసే యోగం లేదు. ఊరంతా పోయి చూసి వచ్చింది. తల నిండా జుట్టుందని పాలుపోసే ఆమె చెబితే విని, పాలగిన్నె పొయ్యి మీద పెట్టే నెపంతో అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

గోడ మొదట్లో ఇంకుతున్న నీళ్లు ఎటు పోతున్నాయన్నది ఆమెకు ఆ పొద్దునే తట్టింది. అవి పోయేది పురిటిగదిలోకే.

నిన్ననే ఆమె వినుకొండ మెకానిక్ కాలేబుకు ఫోన్లో ఫోటో తీసి పంపింది. నీళ్లపైపు వచ్చి ఫ్రిజ్జులో కలిసే చోట ఉండే ఇన్‌లెట్ వాల్వ్ పగిలిందని, ఎండాకాలం ఏసీల పనితో వారం దాకా రాలేనని అతను చెప్పాడు. కొత్త వాల్వ్ మాత్రం సాయంత్రం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. ఎలా మార్చాలో చూపే వీడియో కూడా పంపాడు. ముందు పైన నీళ్లు కట్టేయాలమ్మగారూ, అది మర్చిపోవద్దని మరీ మరీ చెప్పాడు.

అవతలి వాళ్లను అడగకుండా గడుస్తుందేమోనని కోటేశ్వరి పైపు మడిచి రబ్బరు బ్యాండు వేసింది. పాత పైపు మడత దగ్గర చిట్లి, అంతవరకు బొట్లుగా కారేది కాస్తా ధారగా కారింది. చప్పుడుకు గోపాలకృష్ణయ్య లేచి వచ్చాడు.

"ఏందే ఈ వరద?"

"వాల్వ్ పోయింది. నేను మారుస్తా. పైన ట్యాంకు కాడ నీళ్లు కట్టాల. పోయి మీ అన్నని అడుగు."

ఆయన ఇంతెత్తున లేచాడు. "ఆ గడప ముందు నేను నిలబడాల్నా? మహాప్రభో నీళ్లు కట్టు అని అడుక్కోవాల్నా?"

"ఈ నీళ్లు భవ్య గదిలోకి పోతన్నాయయ్యా. పచ్చి బాలెంత. చంటిబిడ్డ ఉంది."

ఆయన ఒక్క క్షణం గోడవైపు చూశాడు. అంతలోనే పౌరుషం గుర్తొచ్చినట్టుంది. "అయితే మోటారు వెయ్యమాక. మధ్యానానికి ట్యాంకు ఖాళీ అవుద్ది. కారేది అదే ఆగుద్ది. అప్పుడు తాపీగా మార్చుకో."

"మరి వాళ్లకి నీళ్లు?"

"ఊళ్లో క్యాన్లు లేవా? కొనుక్కుంటారు."

సరిగ్గా అప్పుడే గోడ మీద గరిటె చప్పుడైంది. ట్యాంకు అడుగంటినట్టుంది. కోటేశ్వరి మోటారు స్విచ్చి దగ్గరకు నడిచింది. గోపాలకృష్ణయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"వెయ్యమాకన్నానా."

"జరుగు."

"జరగను."

కోటేశ్వరి గొంతు పెంచలేదు. "నువ్వు మాట్లాడొద్దంటే నాలుగేళ్లు మాట్లాడలా. పోవద్దంటే భవ్య పెళ్లికి పోలా. అవతల మేళం మోగుతుంటే ఇవతల తలుపేసుకుని కూర్చున్నా. అదంతా నీ పరువు అనుకున్నా. బాలెంతకు నీళ్లాపేది పరువు కాదయ్యా, పాపం. దాంట్లో నాకు వాటా వద్దు. జరుగు."

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆమె అలా మాట్లాడటం ఆయన వినలేదు. కోపంతో జరిగాడో, సిగ్గుతో జరిగాడో ఆయనకే తెలియాలి. మోటారు మోగింది. ఆమె చీర చెంగు బిగించి వీధిలోకి నడిచింది.

వెంకట్రామయ్య వరండాలో పేపరు చదువుతున్నాడు.

"బావగారూ."

ఆయన పేపరు దించాడు. "ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. మా ఫ్రిజ్జు కాడ వాల్వ్ పగిలింది. నీళ్లు మీ వైపు వస్తన్నాయి. ట్యాంకు కాసేపు కట్టండి, కొత్తది బిగించుకుంటా."

"నీళ్లు నా ఇంట్లోకి వదిలి ఇప్పుడొచ్చి చెబుతున్నారా? ఎన్నాళ్ల నుంచి?"

"మూడు రోజులాయె."

వెంకట్రామయ్య మొహం ఎర్రబడింది. "కావాలని చేసే పనులివి. నువ్వెందుకు వచ్చావు? వాడిని రమ్మను. నా ముందు నిలబడి అడగమను, కడతా."

"ఆయన రాడు. మీరు కట్టేదాకా నేను పోను." కోటేశ్వరి వచ్చి మేడమెట్ల కింది మెట్టు మీద కూర్చుంది. "కావాలంటే పెద్దమనుషుల్ని పిలిపించండి. వాళ్ల ముందూ ఇదే చెబుతా."

ఆయన నోరు తెరిచే లోపు తలుపు పట్టుకుని సుబ్బరత్నం వచ్చింది. మోకాళ్ల నొప్పులతో మనిషి బాగా వంగిపోయింది.

"అరవమాక. నీళ్లొచ్చేది నాకు మూడు రోజుల నుంచి తెలుసు."

"తెలిసి చెప్పలేదా?"

"చెబితే ఏం చేస్తావు? నువ్వు గోడెక్కి అరుస్తావు. అవతల వాడు తిరిగి అరుస్తాడు. నడుమ ఈ కోటేశ్వరి ఏడుస్తది. అందుకే తెల్లారకముందే లేచి పాతచీరలు పరిచి పిండుతన్నా. భవ్య మంచం నిన్ననే రెండోగదిలోకి మార్చా."

కోటేశ్వరి ఆమె చేతులవైపు చూసింది. తడిగుడ్డలు పిండి పిండి అరచేతులు పాలిపోయి ఉన్నాయి. నొప్పుల మోకాళ్లతో, చీకట్లో, తన పేరు ఎక్కడా బయటికి రాకుండా అక్క ఇన్ని నీళ్లు ఎత్తిపోసిందా. తను గోడకిటు ఏడిస్తే ఆమె గోడకటు తనను కాచింది.

వెంకట్రామయ్య పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ మడిచాడు. "సరే, కడతా. అంతవరకే. లోపలికి మాత్రం..." అని ఆగాడు.

"రాను బావగారూ. బిడ్డ తడవకుంటే అదే చాలు."

లోపల బిడ్డ ఏడుపు వినిపించింది. కోటేశ్వరి లేచి, తలుపువైపు చూడకుండా వచ్చేసింది. ఆ నాలుగడుగులూ ఎలా వేసిందో ఆ అమ్మవారికే తెలుసు.

ఇంటికొచ్చి మోటారు ఆపి, ఫ్రిజ్జు ప్లగ్గు పీకింది. భర్త సాయానికి ఎదురు చూడకుండా తనే ముందుకు లాగబోతే, ఆయన వచ్చి రెండోవైపు పట్టాడు. వెనక రేకు మరలు విప్పింది. వైర్లు ఎక్కడివక్కడ పెట్టాలి కాబట్టి ముందుగా ఫోటో తీసుకుంది. పాత వాల్వ్ ఊడదీసి చూస్తే తెల్లటి ఉప్పు పెచ్చు గట్టిగా పట్టి, పక్కన సన్నటి పగులు ఉంది. చిట్లిన పైపు కొస బ్లేడుతో కోసేసి, కొత్త వాల్వ్‌లోకి గట్టిగా నెట్టి పట్టుకుంది.

"నీళ్లు వదలమని చెప్పు," అంది వెనక నుంచే.

గోపాలకృష్ణయ్య కదల్లేదు.

"చేయి తీస్తే పైపు జారుద్ది. నేను లేవలేను. మీ అన్న మేడ మీద ఎండలో నిలబడి ఉన్నాడు. చెబుతావా, ఉంటాడా అట్టాగే?"

ఆయన కాసేపు గింజుకుని పెరట్లోకి పోయాడు. మేడవైపు చూడకుండా, గాల్లోకి చెప్పినట్టు, "వదలమంటంది," అన్నాడు.

పైన వాల్వ్ తిరిగింది. ఆ మరుక్షణమే పైపు సందులోంచి నీళ్లు చిమ్మి కోటేశ్వరి మొహాన కొట్టాయి. "కారతంది, ఆపమను," అని అరిచింది.

గోపాలకృష్ణయ్య పరుగెత్తాడు. "అన్నా ఆపు. అన్నా, కట్టెయ్యి."

నాలుగేళ్ల తర్వాత నోట్లోంచి వచ్చిన మాట అది. కంగారులో వచ్చినా వచ్చింది వచ్చినట్టే. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏ పార్టీలోనూ వీలు లేదు.

"కట్టా," అన్నాడు పైనుంచి వెంకట్రామయ్య. పిట్టగోడ మీదుగా వంగి, "కొస వంకరగా కోసుంటది. తిన్నగా కొయ్యమనరా," అన్నాడు.

"వంకరగా కోశావంట," అని గోపాలకృష్ణయ్య లోపలికి వచ్చి, బ్లేడు తనే తీసుకుని కొస తిన్నగా కోశాడు. కోటేశ్వరి పైపు మళ్లీ నెట్టి బిగించింది.

"వదులు అన్నా," అన్నాడు ఈసారి పెరట్లోంచి, మేడవైపే చూస్తూ.

"కారతందంటరా?"

"లేదన్నా. బొట్టు లేదు."

కోటేశ్వరి వాల్వ్ చుట్టూ వేలు పెట్టి చూసుకుంది. పొడిగా ఉంది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. బిడ్డ గది ఇక తడవదు. అంతకుమించి ఆశపడకూడదని తనకు తనే సర్దిచెప్పుకుంటోంది.

బయట వెంకట్రామయ్య గొంతు మళ్లీ వినిపించింది. "ఒరేయ్ గోపాలం. బిడ్డకు నీళ్లు పోసే ఆమె ట్యాంకు కట్టేశామని చూసి చూసి వెళ్లిపోయింది. మీ వదిన ఆ మోకాళ్లతో పీట మీద కూర్చోలేదు. బిడ్డకింకా నీళ్లు పొయ్యలేదు." గొంతు కాస్త తగ్గింది. "కోటేశ్వరిని రమ్మను."

గోపాలకృష్ణయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నిన్ను పిలుస్తన్నాడు," అన్నాడు.

"నువ్వు రావా?"

"పిలిచింది నిన్ను గదా."

"పిలిచింది నీ నోటితోనే గదా. పద."

ఆమె ముందు నడిచింది. ఆయన వెనకాల వచ్చి వరండా మెట్ల దగ్గర ఆగిపోయాడు. వెంకట్రామయ్య మేడ దిగి వచ్చి, కుర్చీ తమ్ముడివైపు జరిపాడు.

పెరటి అరుగు మీద కోటేశ్వరి పీట వేసుకుని కాళ్లు చాపింది. సుబ్బరత్నం బిందెలో వేన్నీళ్లకు చన్నీళ్లు కలిపి తొరిపింది. భవ్య బిడ్డను తెచ్చి పిన్ని కాళ్ల మీద పడుకోబెట్టింది. నిజంగానే తల నిండా జుట్టు. చిన్నప్పటి భవ్యకు ఉన్నట్టే గడ్డం కింద చిన్న నొక్కు. చెంబు పట్టుకున్న కోటేశ్వరి చెయ్యి ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు కమ్మి బిడ్డ కనబడటం మానేసింది.

"నీ పెళ్లికి రాలేదే తల్లీ," అంది.

భవ్య పక్కనే కూలబడి, తన చీర చెంగుతో పిన్ని మొహం తుడిచింది. "దీని పెళ్లికి వద్దువులే. ముందు నీళ్లు పొయ్యి పిన్నీ, చల్లారిపోతన్నాయి."