పోయాక రాసిన కవి

తెల్లదొరల కాలం నాటి మాట. అచ్చాఫీసు వెనక సందులో, కవిగారి ఇంటిముందు నుంచి చీకటిపడ్డాక ఎవరూ నడిచేవారు కాదట. తప్పక నడిచినా, వెనక్కి తిరిగి చూసేవారు కాదట.

సర్కారును తిడుతూ కథలూ పాటలూ రాశాడని ఆ కవిని పట్టుకున్నారు. పడవ మీద పెద్దజైలుకు తరలిస్తుంటే నదిలో పడిపోయాడు. శవం దొరకలేదు. భార్య ఇంటికి తాళం వేసి అక్కగారింటికి చేరింది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో రాత్రిపూట ఎవరో దగ్గుతారని పుకారు. విచిత్రమేమిటంటే, పోయాక ఆయన రాయడం ఎక్కువైంది. ఊళ్ళో ఎప్పటికప్పుడు కొత్త పాట పుట్టుకొచ్చేది.

దొరకు ఒళ్ళు మండి ఆ సందులో గస్తీ పెట్టించాడు, అయినా పాటలు ఆగలేదు. “వెళ్ళి చూసిరా” అని మీసాల హెడ్డు కానిస్టేబుల్‌ను పంపాడు.

హెడ్డు గుండెల్లో రాయి పడింది. ఆ రోజు పడవలో కాపలా ఉన్నది అతనే. దాహమంటే జాలిపడి సంకెళ్ళు విప్పిందీ అతనే. తన చేతుల మీదుగా ఓ ప్రాణం పోయిందని కుమిలిపోతున్నవాణ్ణి, ఇప్పుడా దెయ్యాన్నే పలకరించి రమ్మంటున్నారు.

ఉద్యోగం కదా — వెళ్ళాడు.

పెరటి తలుపు తోశాడు. కిర్రుమంది. లోపల ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు... ఆగారు... దగ్గారు.

లాంతరు పైకెత్తాడు.

గోడవారన, దుప్పటి కప్పుకుని — కవి! గడ్డం మాసి, కళ్ళు లోతుకుపోయి...

హెడ్డు లాంతరు కిందపెట్టి దణ్ణం పెట్టాడు. “నా తప్పేం లేదు బాబూ... దాహమన్నారనే విప్పాను...”

“మెల్లిగా మాట్లాడండి.” వెనక ఆడగొంతు. పాలగ్లాసుతో, అక్కగారింట్లో ఉందనుకున్న కవిగారి భార్య. “దెయ్యానికి జ్వరం ఇప్పుడే తగ్గింది.”

“మ... మనిషేనా అమ్మా?”

“ముట్టుకుని చూడండి.”

నుదురు తాకాడు. వెచ్చగా ఉంది. అంతే — అక్కడే కూలబడి, మీసాలు తడిసేలా ఏడ్చాడట.

“నాకు ఈత వచ్చని చెబితే మీరు విప్పేవారు కాదుగా,” అన్నాడు కవి తలదించుకుని. “మిమ్మల్ని మోసం చేశాను హెడ్డుగారూ. ఇదిగో...” రెండు చేతులూ ముందుకు చాచాడు.

హెడ్డు ఆ చేతులకేసి చూశాడు. తర్వాత లాంతరు ఉఫ్‌మని ఊదేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పొద్దున్నే దొర అడిగాడు. “దెయ్యం ఉందా?”

“ఉంది దొరా.”

“నువ్వు చూశావా?”

“కళ్ళారా చూశాను.”

“ఏమంది?”

“కథ సగంలో ఉందిట దొరా. పూర్తయ్యేదాకా ఎవర్నీ రావద్దంది.”

దొర అతని మొహంలోకి ఓసారి చూశాడు. తర్వాత ఆ సందులో గస్తీ ఎత్తేశాడట.