నూనెగుడ్డ

రాత్రి పడిన అకాల వానకు వాకిలి ఇంకా ఆరలేదు. రామస్వామి పీట వేసుకొని కొడుకు మధుకర్ మోటార్ సైకిల్ ముందు కూర్చున్నాడు. జ్వరంతో ఆసుపత్రికి వెళ్లిన మధుకర్ తిరిగి రాలేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆ బండిని తుడవడం ఆయనకు అలవాటైంది. చేతిలో కొడుకు పాత చొక్కా చింపిన గుడ్డ, పక్కన నూనె సీసా.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు గానుగలకు నూనె పోయడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒకసారి గేటు సందులోంచి లోపలికి చూశాడు. తుప్పు పట్టిన ఆ ఇనుమును చూసి వచ్చిన నాడు ఆయనకు అన్నం సహించలేదు. నూనె ముట్టని ఇనుము బతకదని ఆయన నమ్మకం.

ఇన్నాళ్లూ రాత్రిపూట బండి రేకుల పందిరి కింద పొడిగా ఉండేది. రాత్రి గాలికి రేకు లేచిపోయి బండంతా తడిసింది. ముందు చక్రానికి పళ్లెంలా ఉండే బ్రేక్ డిస్కు మీద పల్చగా ఎర్రటి తుప్పు లేచింది. ఆయన మనసు చివుక్కుమంది. గుడ్డను నూనెలో తడిపి, ఆ పళ్లేన్ని రెండు వైపులా మెరిసేదాకా రుద్దాడు.

"ఆ బండికి జేసే సేవల సగం నాకు జేస్తె, నేను గూడ గట్లనే మెరుస్తుంటి!" బీడీల చాట ఒళ్లో పెట్టుకుంటూ గంగుబాయి లోపలి నుంచి అంది.

"నువ్వు రోజూ నా తుప్పు రాలగొడ్తనే ఉంటివి, నీకెందుకే నూనె?" అన్నాడు రామస్వామి.

మనవరాలు రుచిత బడి సంచీతో పకపకా నవ్వుతూ వచ్చింది. వెనకే కోడలు వినీత హెల్మెట్ పట్టుకొని వచ్చింది. పిల్లను బడి దగ్గర దింపి, అదే బండి మీద నిజామాబాద్ వెళ్తుంది ఆమె. అక్కడ కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్‌లో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం. భర్త పోయాక బిడియం పక్కన పెట్టి నేర్చుకున్న బండి అది.

"చాలు మామయ్యా. ఇంకింత మెరిస్తె ఎవడన్న ఎత్తుకపోతడు" అని నవ్వి, బండి తీసింది.

పొద్దు నెత్తి మీదికి రాకముందే ఇద్దరూ ఆటోలో తిరిగొచ్చారు. రుచిత గడ్డం కింద కుట్లు. వినీత మోచేయి గీరుకుపోయింది.

"ముందట చెరుకు ట్రాక్టర్ ఆగింది" అంది వినీత. "బ్రేక్ పట్టిన అత్తమ్మా. పట్టిన్నో, ఆలస్యంగ పట్టిన్నో నాకే తెలుస్తలేదు. బండి ఆగలే. పక్కకు తిప్పిన, పడ్డం."

గంగుబాయి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. భయమంతా నోటికొచ్చింది. "గింత పెద్ద బండి నీకెందుకని మొదాలే చెప్పిన. అమ్మేయుండ్రి దాన్ని. నౌకరి గూడ సాలు. ఇంట్ల కూసొని నా తీర్గ బీడీలు సుట్టుకో."

ఎప్పుడూ మాటకు మాట చెప్పే వినీత ఈసారి తల వంచుకుంది. అది చూడలేకపోయాడు రామస్వామి.

"డిస్కు అరిగుంటది. కొత్తది ఏపిచ్చుకొస్త" అని లేచాడు.

పడ్డచోటి నుంచి బండిని తోసుకుంటూ, విడిభాగాలు అమ్మే ఆశన్న దుకాణం ముందుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. "ముందుదా, ఎనుకదా కాకా? కంపెనీది ఇయ్యాల్నా, బయటిది ఇయ్యాల్నా?" అంటూ ఆశన్న రెండు డిస్కులు బల్ల మీద పెట్టాడు. బోల్టు రంధ్రాలు సరిపోవాలని పాతది విప్పి పక్కన పెట్టి చూశాడు. "గిది మంచిగనే ఉన్నది గదా. అరగలే, వంగలే. దేనికి మార్చుడు?"

రామస్వామి పాత డిస్కు మీద వేలు ఆనించి, కొత్త దాని వైపు తల ఊపాడు. ఆశన్న కొత్త డిస్కు కాగితం విప్పి, పెట్రోలు గుడ్డతో తుడవసాగాడు.

"కొత్త దాన్ని తుడుస్తున్నవేంది?"

"తుప్పు పట్టకుంట ప్యాకింగ్‌ల నూనె రాస్తరు కాకా. గట్లనే బిగిస్తె బ్రేక్ పట్టదు, జారుతది."

రామస్వామి పాత డిస్కు మీద పెట్టిన వేలును ఎత్తి చూసుకున్నాడు. నల్లటి నూనె. ఆయన నడిపిన పాత మోపెడ్‌కు బ్రేకు చక్రం లోపలే దాగి ఉండేది. దాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు, తుడవలేదు.

ఆశన్న కూడా చూశాడు. "దీనికెవ్వడో నూనె రాసిండు గదనే! ఎవడు వాడు?"

"ఏమో" అన్నాడు రామస్వామి.

"డిస్కును పట్టే ప్యాడ్లు నూనె తాగినయ్. అవి మార్చి, పాత డిస్కునే కడిగి ఏస్త."

"వద్దు. ప్యాడ్లు, డిస్కు రెండూ కొత్తయే ఏయి. కంపెనీది."

పాతది పాత సామాను కుప్పలో పడి ఖంగుమంది. దాంతో పాటే తన తప్పు కూడా ఆ కుప్పలో పడిపోతుందని ఆయన ఆశపడ్డాడు.

ఇంటికొచ్చి, "అరిగింది బిడ్డా. తప్పు డిస్కుదే, నీది గాదు" అన్నాడు.

వినీత ముఖం తేటపడలేదు. ఇంకా వాడిపోయింది. "సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడల్ల బ్రేకులు చూపియ్యుమని ఆయన చెప్పెటోడు. మొన్న నేనే వద్దన్న, డ్యూటీకి ఆలస్యమైతదని. నా తొందరకు పిల్ల గడ్డం పగిలింది." కళ్లు తుడుచుకుంది. "అమ్మేద్దాం మామయ్యా. ఇగ నేను నడప."

ఆమెను ఓదార్చడానికి తెచ్చిన అబద్ధం ఆమె మీదే బరువై కూర్చుంది.

"అరగలే బిడ్డా."

"ఏంది?"

"డిస్కు అరగలే. పొద్దుగాల నేనే నూనె రాసిన. తుప్పు పట్టిందని. బ్రేక్ జారుతదని నాకు తెల్వది. దుకాణంల తెల్సింది. తెల్సినంక గూడ దాచిన."

గంగుబాయి చేతిలో బీడీ ఆకు ఆగిపోయింది. వినీత లేచి నిలబడింది.

"పిల్ల నా ఎనుక కూసుంది మామయ్యా" అంది. "తెల్వక రాసిండ్రు, అది వేరే. తెల్సినంక నా మొఖం చూసి అరిగిందన్నరు. నేను నన్నే తిట్టుకుంట కూసుంటే మీరు చూస్తున్నరు."

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. రుచిత మెల్లగా వచ్చి తాత పక్కన కూర్చుంది.

"తాతా, నీకు తిట్లు పడ్డయా?"

"పడ్డయ్ బిడ్డా."

"నాకు కుట్లు పడ్డయ్. నొప్పి రెండు రోజులేనట."

ఆయన నవ్వలేకపోయాడు. పిల్ల తల నిమరడానికి చెయ్యి ఎత్తి, వేళ్లకు నూనె ఉందేమోనని ధోతికి తుడుచుకున్నాడు.

ఆ తర్వాత బండి రేకుల కిందే ఉండిపోయింది. వినీత బస్సులో వెళ్లి వచ్చేది. అన్నం పెట్టేది, మందులు ఇచ్చేది, అవసరమైన మాటే మాట్లాడేది. రామస్వామి బండి దగ్గరికి పోలేదు. తనకు పడవలసిన శిక్ష ఇదేనని ఊరుకున్నాడు.

పిల్లకు కుట్లు విప్పిన మర్నాడు మళ్లీ వాన జల్లు రేకుల కిందికి కొట్టింది. పొద్దున ఆయన వాకిట్లోకి వస్తే, కొత్త డిస్కు మీద కూడా పల్చటి ఎర్రటి పొర. చేతులు వెనక్కి కట్టుకొని దూరంగా నిలబడ్డాడు.

తలుపు చప్పుడైంది. వినీత చేతిలో హెల్మెట్.

"చెయ్యి పెట్టలే బిడ్డా" అన్నాడు గబుక్కున.

"చూసిన." బండి బయటికి తీసింది. "దాన్ని తుడిచేది లేదు మామయ్యా. బండి నడిస్తె ఆ తుప్పు అదే పోతది. నిలవెడ్తెనే పడ్తది." వెనకే వచ్చిన పిల్లను ఎక్కించుకొని, ఆయన వైపు తిరిగింది. "మీరు గూడ ఎక్కుండ్రి, బడి దాక. బ్రేక్ పడుతదో లేదో మీరే చూడుండ్రి."

ఇద్దరి మధ్య రుచిత ఇరుక్కుని కూర్చుంది. చౌరస్తా దగ్గర చెరుకు ట్రాక్టర్ అడ్డమొచ్చింది. రామస్వామి చెయ్యి పిల్ల భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ముందు చక్రం దగ్గర జరజరమని చప్పుడైంది. బండి ఆగింది.

"పట్టింది" అంది వినీత, వెనక్కి తిరగకుండానే.

బడి దగ్గర దిగి ఆయన వంగి చూశాడు. ప్యాడ్లు ఒరుసుకున్న మేర తుప్పు పోయి, కొత్త ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఆ మెరుపు ఆయన కళ్లలో నీటికి చెదిరిపోయింది.

"సాయంత్రం వచ్చినంక ట్యాంకు తుడువుండ్రి మామయ్యా, దుమ్ము పడ్డది" అంది వినీత బండి తిప్పుకుంటూ. "పొడి గుడ్డతోని."