అమ్మమ్మ వేలి గుంట

బడి నుంచి రాగానే ఆ అమ్మాయి బూట్లు కూడా విప్పలేదు. నేరుగా పడకగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. మంచం పక్క మూలలో ఉన్న మనీప్లాంట్ కుండీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, దాని మీద కప్పిన ప్లాస్టిక్ కవర్‌ని మెల్లగా ఎత్తింది.

నిన్నటికంటే ఎక్కువైంది.

మట్టి మీద తెల్లటి బూజు, దూది పింజల్లా. పొద్దున ఒక వైపే ఉంది. ఇప్పుడు కుండీ అంచు వెంబడి పాకి, ఆ చిన్న గుంట దాకా వచ్చేసింది.

అది అమ్మమ్మ వేలి గుంట.

అమ్మమ్మ రోజూ పొద్దున్నే మట్టిలో వేలు గుచ్చి చూసేది. దాహమేస్తోందో లేదో మొక్కనే అడగాలి, మనకి గుర్తొచ్చినప్పుడల్లా పోసేస్తే ఎలా అనేది. ఆసుపత్రికి వెళ్లిన రోజు కూడా, కింద కారు ఆగి హారన్ కొడుతుంటే, ఒక్క నిమిషం అని వేలు గుచ్చి చూసి వెళ్లింది. మళ్లీ ఇంటికి రాలేదు.

పైనుంచి నీళ్లు పోస్తే గుంట పూడిపోతుంది. అందుకని ఈ అమ్మాయి కుండీ కింది పళ్లెంలోనే నీళ్లు నింపుతూ వచ్చింది. గాలి తగిలితే మట్టి రాలుతుందేమోనని కవర్ కప్పింది. తమ్ముడి చేతికి అందకుండా కిటికీ దగ్గర్నుంచి మూలకి జరిపింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆమె ఏదీ ఒక పట్టాన చెప్పదు. అందుకే అమ్మమ్మ ఆమెని తాళంకప్ప అని పిలిచేది. తమ్ముడు మాత్రం అంత పేరెందుకని, ‘కప్పక్కా’ అని సరిపెట్టుకున్నాడు.

తాళంకప్ప బూజు మీద ఊదింది. కదల్లేదు. అగ్గిపుల్లతో గుంట పక్కనున్న బూజుని తియ్యబోయింది. అంచు మట్టి కాస్త విరిగి లోపల పడింది. పుల్ల పక్కన పెట్టేసింది.

హాల్లో తమ్ముడు దగ్గాడు. వారం నుంచీ దగ్గుతూనే ఉన్నాడు. అమ్మ కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. అడుగుల శబ్దం వినబడేసరికి తాళంకప్ప కుండీని మంచం కిందికి తోసేసింది.

అమ్మ గుమ్మంలో నిలబడి గాలి పీల్చింది. గదిలో ముక్కిపోయిన వాసనేమిటని అడిగింది. తాళంకప్ప తడి సాక్సులని చెప్పింది.

“నావి కాదు,” అన్నాడు తమ్ముడు వెనకనుంచి. వాడికి ఏ నేరమైనా ముందు తన మీదికే వస్తుందని గట్టి నమ్మకం.

అమ్మ కూతురి మొహంలోకి ఓ క్షణం చూసి వెళ్లిపోయింది. మిషన్ మళ్లీ మొదలైంది. తాళంకప్ప కుండీని తీసి, బీరువాలో బట్టల వెనక దాచి, తలుపు నొక్కి మూసింది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉంది. బట్టలన్నీ మంచం మీద ఉన్నాయి. నేల మీద కుండీ ఉంది. రెండు ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. బూజు మట్టి మీంచి కాడ మొదటికి ఎక్కింది. అమ్మ ముక్కుకి గుడ్డపీలిక కట్టుకుని నిలబడింది. తమ్ముడు మంచం చివర కూర్చుని, కోర్టులో సాక్షిలా చూస్తున్నాడు.

అమ్మ కేకలెయ్యలేదు. పిల్లాడు దగ్గుతుంటే వాడు పడుకునే గదిలో బూజు ఉంచలేనని మాత్రం చెప్పింది. వీధి చివర చెత్తబండి హారన్ వినబడింది. అమ్మ వంగి కుండీ ఎత్తింది. తాళంకప్ప రెండు చేతులతో దాని అంచు పట్టుకుంది.

“వద్దమ్మా.”

“ఎందుకు వద్దో చెప్పు.”

తాళంకప్ప పట్టు ఇంకా బిగించింది. బండి పక్క బిల్డింగ్ దగ్గర ఆగింది. అమ్మ ఆమె వేళ్లు విడిపించి గుమ్మం వైపు నడిచింది.

“అందులో అమ్మమ్మ వేలుంది.”

తమ్ముడు కాళ్లు రెండూ మంచం మీదికి లాక్కున్నాడు. “నిజం వేలా?” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. తాళంకప్ప అప్పుడు అంతా చెప్పింది. హారన్ సంగతి, గుంట సంగతి, కవర్ సంగతి. తడి సాక్సుల అబద్ధం కూడా. అమ్మ కుండీ దించి నేల మీద చతికిలబడింది. ఆ గుంటలోకి చాలాసేపు చూసింది. కింద బండి వెళ్లిపోయింది.

“మా అమ్మ వేలెందుకు పెట్టేది?”

“తడి ఉందో లేదో చూడ్డానికి.”

“మరి తను వెళ్లాక ఎవరు చూశారు?”

తాళంకప్ప బీరువా వైపు చూసింది. బీరువా అరలో పళ్లెం ఇంకా నిండుగా నీళ్లతో ఉంది.

బూజు మొక్కని తినెయ్యదని అమ్మ చెప్పింది. కాకపోతే మట్టి ఆరడం లేదని, గాలి ఆడడం లేదని దానర్థం. అలాగే వదిలేస్తే వేళ్లు కుళ్లిపోతాయి. తమ్ముడి దగ్గు దీనివల్లో కాదో తెలీదు గానీ, బూజు మట్టి మాత్రం తీసెయ్యాలి. పైపొర మొత్తం.

పైపొర మొత్తం అంటే గుంట కూడా.

అమ్మ తమ్ముణ్ణి హాల్లోకి పంపి కిటికీ తెరిచింది. పాత పేపర్ పరిచింది. పాత చెంచా ఒకటి తెచ్చి మట్టి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

“నా వల్ల కావట్లేదే. నువ్వు తియ్యగలవా?”

అమ్మ నోట ఆ మాట తాళంకప్ప ఎప్పుడూ వినలేదు. చెంచా అందుకుంది. ఆమె ముక్కుకి కూడా అమ్మ గుడ్డ కట్టింది.

గుంటకి దూరంగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టింది. మెల్లగా, దుమ్ము లేవకుండా. తెల్లటి మట్టి పేపర్ మీద కుప్పపడింది. చివరికి గుంట చుట్టూ ఉన్న పెళ్ల ఒక్కటే మిగిలింది. చెంచా ఆగింది. అమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

తాళంకప్ప చెంచాని లోతుగా దించి పైకి తీసింది. పెళ్ల చెదరకుండా వచ్చింది. గుంట దాని మధ్యలో అలాగే ఉంది. పేపర్ మీద పెట్టగానే విడిపోయింది.

పేపర్ మడిచి, కవర్‌లో కట్టి పారేశారు. పళ్లెంలో నీళ్లు ఒంపేశారు. కుండీలో పొడి మట్టి పోసి, మళ్లీ కిటికీ దగ్గర పెట్టి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కున్నారు.

తర్వాత కొన్నాళ్లకి తమ్ముడి దగ్గు తగ్గింది. మనీప్లాంట్ కొత్త ఆకు ఇంకా వెయ్యలేదు. ఒకరోజు పొద్దున అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి కుండీ మీద వంచబోయింది.

“ఆగమ్మా,” అంది తాళంకప్ప.

మట్టిలో వేలు దించింది. పైన పొడిగా, లోపల చల్లగా ఉంది. వేలి కొసకి తడి మట్టి అంటుకుంది.

“ఇవాళ వద్దట.”

అమ్మ చెంబు పక్కన పెట్టింది. తమ్ముడు వచ్చి, తన వేలు కూడా పక్కనే గుచ్చి, మొక్క తనకీ వద్దనే చెప్పిందని ఒప్పుకున్నాడు. మట్టిలో రెండు గుంటలు మిగిలాయి. వాటి మీద ఎవరూ ఏమీ కప్పలేదు.

మొక్కకి దాహమేసిన రోజు తాళంకప్పే నీళ్లు పోసింది. గుంటలు పూడిపోయాయి. మర్నాడు ఆమె మళ్లీ వేలు పెట్టింది.